డ్రెడ్జరు

పోలారావూ,
వన్ టౌన్ బడి, మేడ మీద, కిటికీ పక్క బెంచీ.
లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరగ్గానే
నువ్వు సముద్రంలో ఓడలు లెక్కపెట్టేవాడివి.
"తొమ్మిదిరా."
"ఎనిమిదే. డ్రెడ్జరు ఓడెలాగవుద్ది,
మట్టి తోడుకునేది?"
"నీటి మీద తేల్తే ఓడేరా."

ఈ తగువుకి యాభై రెండేళ్ళు.
నీకు పోర్టులో క్రేను,
నాకు సముద్రం కనపడని కంచరపాలెంలో మందుల షాపు.
దీపాలు పెట్టే వేళకి ఫోను:
"ఇయాల పదమూడు."
నేను లోపలే ఒకటి తీసేసేవాణ్ణి.
కూతురి పెళ్ళి కబురైనా, నీ స్కానింగు రిపోర్టైనా
ఆ అంకె తర్వాతే.

కేజీహెచ్‌లో
మంచం కిటికీ వైపు తిప్పమని నర్సుతో పోట్లాడావు.
ఆఖర్న, చూపు ఆనక, నన్ను లెక్కపెట్టమన్నావు.
"ఏడు" అన్నాను.
కళ్ళు మూసుకునే
"ఎనిమిది" అన్నావు.

నిన్నటితో నీ పెద్దకర్మ అయిపోయింది.
షాపు పెందరాళే కట్టేసి
బీచ్ రోడ్డు గట్టు మీద కూచున్నాను.
మురీ మిక్చర్ బండివాడు అలవాటుగా
రెండు పొట్లాలు చుట్టాడు.
వద్దనలేదు.

ఫోను మోగే వేళ దాటిపోయింది.
నువ్వడక్కపోయినా చెబుతున్నా:
పది ఓడలు,
దూరంగా ఒక డ్రెడ్జరు.

సరేరా,
పదకొండు.