రచయితల పరిచయం

వూచ్ నగరంలో మూతబడ్డ నూలుమిల్లు కింద
మా అచ్చుయంత్రం.
పైపులు రాత్రంతా గొంతు సవరించుకుంటాయి.
దయ్యాల పుస్తకాలు వేసేవాళ్లకి
ఇంతకంటే చవకగా అద్దెకెవరిస్తారు?

ఈ ఏటి సంకలనంలో పద్నాలుగు కథలు, ఆరు కవితలు.
రాసినవాళ్లంతా మావాళ్లే,
ఇంట్లో ఒక పేరు, ఇక్కడొక పేరు ఉన్నవాళ్లు.
జెనోబియా కవితలో
నదిలో మునిగిన పెళ్లికూతురు తిరిగొస్తుంది,
వరుడి కోసం కాదు,
తోడుపెళ్లికూతురి కోసం.
చదివాక నాకు భయం వెయ్యలేదు.
గుమ్మంలో చెప్పులు కాస్త జరిపి
చోటు చేశాను.

చివరి కథ బోగుమిల్‌ది.
మంచం కింద ఒకడుంటాడు.
ఇల్లంతా నిద్రపోయాక బయటికొచ్చి
పైన పడుకున్నవాడి చొక్కాలు మడతపెడతాడు.
తెల్లారేలోపు మళ్లీ కిందికి.
అంతే కథ. ఎవరూ చావరు.
నాకు వణుకు పుట్టింది అక్కడే.

పరిచయం తనే రాసి పంపాడు:
‘బోగుమిల్ ట్రామ్ నడుపుతాడు.
కయెతాన్‌తోనూ, మూడుకాళ్ల కుక్కతోనూ ఉంటాడు.’

సెప్టెంబరులో గుండె ఆగింది.
రాతి మీద చెక్కించారు: కొడుకు, తమ్ముడు, మేనమామ.
కయెతాన్‌ని ‘డిపోలో స్నేహితుడు’ అని
నాలుగో వరసలో నిలబెట్టారు.
అక్క నాకు ఉత్తరం రాసింది, మర్యాదగానే.
కథ ఉంచుకోండి,
ఆ ఒక్క వాక్యం తీసెయ్యండి.

ప్రూఫులు దిద్దే కుర్రాడు
ఉత్తరం సంగతి తెలీక
‘ఉంటాడు’ కొట్టేసి ‘ఉండేవాడు’ అని
పెన్సిలుతో రాశాడు.
వ్యాకరణం ప్రకారం వాడిదే ఒప్పు.

సకల పునీతుల రాత్రి
శ్మశానమంతా ఎర్రగాజు దీపాలు.
కుటుంబాలు వెళ్లిపోయేదాకా
గేటు బయట సిగరెట్లు కాల్చాం,
కయెతాన్, నేను, కుక్క.
సమాధి ముందు వాళ్ల దీపాలు పదకొండు.
తన దీపం వాటిలో పెట్టలేదు.
రాయి వెనక్కి వెళ్లి
ఏమీ చెక్కని వైపు పెట్టాడు.

ట్రామ్ కోసం నిలబడ్డప్పుడు అన్నాడు:
‘ఉతికిన బట్టలు తీగ మీదే వదిలేసి పడుకుంటున్నా.
పొద్దున లేచేసరికి మడతపెట్టి ఉంటున్నాయి.’
చలికేమో, ముక్కు తుడుచుకున్నాడు.
కుక్క ఖాళీ బెంచీ కేసి తోకాడిస్తోంది.

ప్రెస్సుకి వచ్చి రబ్బరు వెతికాను.
ఎంత తుడిచినా
పెన్సిలు గీత మసగ్గా మిగిలింది.
దాని కింద
ఉంటాడు.