పడవ రంగుతో రాసిన వాక్యం

గురువారం జీతాలు పడతాయి.
గురువారమే గోరాన్ చేతులు దురదపెడతాయి,
క్లబ్బులో జూదం మెషీన్లు రంగురంగులుగా కన్నుకొడతాయి.
అందుకే మేం గురువారమే కలుస్తాం
పోర్ట్ కెంబ్లాలో, అతని పెరట్లోని రేకుల షెడ్డులో.
కిటికీలో ఉక్కు ఫ్యాక్టరీ పొగ,
పొగ వెనకాల ఎక్కడో సముద్రం.

వాళ్లు నన్ను శాన్ అంటారు.
అసలు పేరు సన్యాసినాయుడని
ఒకసారి అర్థంతో సహా చెప్పాను.
"మరి ఆ ఇద్దరు పిల్లలెవరు?" అన్నాడు డెస్.
ఆ రాత్రి టీ తాగినదానికన్నా ఒలికిందే ఎక్కువ.

మొదటి వారం గోరాన్ కుంచె తీశాడు.
పడవకి వేయగా మిగిలిన నీలం రంగు.
"ఏడాదిలో ఏం చేస్తారో చెప్పండి, తలుపు మీద రాస్తా.
చెరిపితే పోదు, ముందే చెబుతున్నా."
తనది తానే రాసుకున్నాడు: మెషీన్ మొహం చూడను.
లాకీ, ఎలక్ట్రీషియన్ పరీక్ష అన్నాడు.
నేను నసిగాను.
నాగావళి ఒడ్డున పుట్టి
ఈత రాదంటే ఎవరు నమ్ముతారు?
నలభై ఆరేళ్లూ మోకాలి లోతులోనే
అక్కడేదో పనున్నట్టు నిలబడ్డాను,
పిల్లలు రమ్మంటే తువ్వాళ్లకి కాపలా కాశాను.
"యాభై మీటర్లు" అన్నాను చివరికి, నేల చూస్తూ.

ముప్ఫై ఏళ్లు బొగ్గు గనిలో చేసిన డెస్
"మా ఇంటి గేటు బాగుచేస్తా" అన్నాడు.
గోరాన్ అతన్ని ఒక్క క్షణం ఎక్కువ చూశాడు.
తర్వాత రాశాడు.
నేను చదివాను. లాకీ చదివాడు.
ఎవరం నోరెత్తలేదు.

తెలుసు మాకు.
హోటల్లో మెనూ ముట్టకుండా "నీకేదైతే నాకూ అదే" అంటాడు.
మందుల షాపులో కళ్లజోడు మరిచిపోతాడు,
అది జేబులోంచి తొంగిచూస్తుంటుంది.

మార్చిలో ఓ తెల్లవారుజామున
రాళ్ల మధ్య కట్టిన ఈతకొలనులో
"వెల్లకిలా పడుకో" అన్నాడు డెస్,
"ఆకాశాన్ని చూడు, నన్ను కాదు."
నా నడుం కింద అతని అరచెయ్యి.
తియ్యకు, అన్నాను.
తియ్యలేదు. మూడు వారాలు తియ్యలేదు.

నాలుగో వారం గట్టు మీద వణుకుతూ కూర్చున్నప్పుడు
జేబులోంచి తడిసిన కాగితం తీశాడు,
ఆటుపోట్ల వేళలు అచ్చేసింది.
"ఇదేమంటోంది, శాన్?"
చెప్పడం తేలిక. చెప్పలేదు.
అతని మొద్దు వేలు పట్టుకుని
మొదటి అక్షరం మీద పెట్టాను.
మా పిల్లల చేత కూడా అంత మెల్లగా దిద్దించలేదు.

జూన్‌లో ఒక గురువారం గోరాన్ రాలేదు.
ఎక్కడున్నాడో అడగక్కర్లేదు కదా.
వెళ్లి అతనికి చెరో పక్కా కూర్చున్నాం,
రెండొందల డాలర్లు పోయేదాకా మాట్లాడకుండా.
ఇంటికి తెచ్చాం.
తలుపు మీది మాట అలాగే ఉంచి
పక్కన తేదీ మాత్రం మార్చాం.

లాకీ రావడం మానేశాడు. ఎందుకో చెప్పలేదు.
అతని కప్పు కడిగే పెడతాం.

మొన్న ఫిబ్రవరిలో, కెటిల్ ఇంకా ఈల వేయకముందు,
డెస్ తలుపు ముందు ఆగాడు.
పెదవులు కదిలాయి. వేలు కదిలింది.
ఒకచోట వెనక్కొచ్చి మళ్లీ మొదలెట్టింది.
'గేటు సంగతి తర్వాత.
డెస్ ఈ వాక్యం ఒకరోజు తనే చదువుతాడు.'

కెటిల్ ఈల వేసింది. ఎవరూ లేవలేదు.
నీళ్లు సగం ఇగిరాక
"ఇందులో ఒక అక్షరం తప్పు, గోరాన్" అన్నాడు.
"నేను మాత్రం ఇంగ్లీషులో పుట్టానా?" అని
గోరాన్ కుంచె వెతికాడు, దొరకలేదు,
దొరికినా కళ్లు తుడుచుకునే పని ఉంది అతనికి.

గేటు ఇంకా కిర్రుమంటూనే ఉంది.
నేను ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగిపోతున్నాను,
పన్నెండు మీటర్లు బాకీ.
రేపు పోటు తగ్గేది ఆరూ పదికట.
డెస్ చదివి చెప్పాడు.