కీలో లేని జవాబు

శ్రీకాకుళంలో ఏప్రిల్.
బాలికల హైస్కూలు, తొమ్మిదో గది, స్పాట్ వాల్యుయేషన్.
ఫ్యాను తిరుగుతోంది గాని
గాలి వేరే ఎవరికో పంపుతోంది.
పూటకి ఇరవై పేపర్లు,
చెమటకి కాగితాన్ని అంటుకునే మోచెయ్యి.

పదమూడో ప్రశ్న, ఎనిమిది మార్కులు:
పందొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికాలో
బ్రిటిషువారి విస్తరణకు కారణాలు వివరింపుము.

కీ నాకు నోటికొచ్చేసింది.
ముడిసరుకు, ఒకటి. సరుకమ్ముకునే సంత, ఒకటి.
సూయజ్ దారి కాపలా, ఒకటిన్నర.
వజ్రాలూ బంగారమూ, ఒకటిన్నర.
తోటి దొరల మీద పోటీ ఒకటి, నాగరికత నేర్పుతామన్న మాటకొకటి,
ఉపసంహారానికి ఇంకొకటి.
ఒక ఖండాన్ని మింగడానికి
సరిగ్గా ఎనిమిది మార్కుల ఆకలి.

పదిహేడో పేపరు.
పేరుండదు, నంబరే.
ఏటి నీళ్ళకి వాలిన గడ్డిలా అక్షరాలు.
మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోయింది.

"వాళ్ళ టీలోకి పంచదార చాల్లేదు.
నేటాలులో నేల దొరికింది, చేతులు దొరకలేదు.
మా భూమ్మీద మేమే కూలికి రామని
అక్కడి మనుషులు అన్నారట.
అప్పుడు వాళ్ళకి మా ముత్తాత అన్న
మజ్జి కూర్మన్న కావలసొచ్చేడు.
ఆ ఏడు వానల్లేవు. చోడంబలి కూడా లేదు.
రెండ్రోజుల దూరమేనని
కళింగపట్నం రేవులో మేస్త్రీ చెప్పేడు.
మెళ్ళో రేకుబిళ్ళ కట్టేరు, దాని మీద నంబరు.
అయిదేళ్ళ కరారు, నెలకి పది షిల్లింగులు.
మా మామ్మకి షిల్లింగంటే తెలీదు,
సీలింగంటాది, అని పైకి చూస్తాది.
వంశధార పక్కన కూడా చెరుకు పండేది కదండీ,
మరి మా మనిషిని
అంత దూరం చెరుక్కి ఎందుకు తీసుకెళ్ళేరు?
నాకు తెలిసిన కారణం ఇదే.
టైమైపోయింది."

పక్కబల్ల పాపినాయుడు మాస్టారికి చూపించేను.
పాలకొండ మనిషి, ముప్పయ్యేళ్ళ సర్వీసు.
"కథలు సెప్పేడు గుంటడు. సూయజ్ ఏదమ్మా?
కీలో లేందానికి ఏటేస్తావు?"
గుంటడో, గుంటో.

ఇరవై రెండేళ్ళుగా చీపురుపల్లిలో
బోర్డు మీద ఆఫ్రికా గీస్తున్నాను,
రంగు సుద్దలతో ముక్కలు పంచుతున్నాను.
ఇంగ్లండుకి ఎరుపు.
ఆ ఎరుపు ఇటు కారి మన రేవుదాకా వచ్చిందని
ఒక్క ఏడూ అనిపించలేదు.
పోయిన కార్తీకంలో కళింగపట్నం వెళ్ళేం,
లైట్‌హౌసు కింద పులిహోర తిన్నాం,
ఫొటోలు దిగేం,
మా చిన్నాడి చెప్పు ఒకటి అల పట్టుకుపోతే
అదే పెద్ద గొడవ ఆ పూటంతా.

కీ మళ్ళీ తీసేను.
ముడిసరుకు దగ్గర వేలు పెట్టి చూసేను,
కూర్మన్న ఇందులో పడతాడా?
పడ్డాడు. ఒకటి.
సంత. అక్కడా పడ్డాడు. ఒకటి.
నాగరికత దగ్గర వేలు నిలవలేదు.
'టైమైపోయింది' అన్నది ఉపసంహారమే అనుకుని ఒకటి.

మూడు వేసేను.
కొట్టేసి ఆరు వేసేను.
కొట్టివేత పక్కన సంతకం ఉండాలి, పెట్టేను.
ఛీఫ్ అడిగితే ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

నాలుగింటికి టీ వచ్చింది.
పంచదార ఎక్కువేసేడు కేంటీను కుర్రాడు.
తాగేను.
ఇంకా మూడు పేపర్లున్నాయి.