వెర్లీన్ ఆంప్ కొన్న రోజు

క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
తిన్నగా నా కొట్టుకే వచ్చింది.
రబ్బరు బూట్లు గుమ్మం బయట విప్పి
గిటార్ కేసుతో లోపలికి నడిచింది.
ఎడమచేతి బొటనవేలికి నీలం ప్లాస్టరు,
చేపకత్తి చేసిన సంతకం.

గ్రీన్‌వుడ్‌లో, రైలు పట్టాల పక్కన,
ముప్పై ఒక్క ఏళ్ళుగా రేడియోలూ ఆంపులూ బాగుచేస్తున్నాను.
కొనేవాళ్ళు ఎలా కొంటారో నాకు తెలుసు.
వచ్చీ రాగానే వాల్యూమ్ పది మీద పెడతారు.
కిటికీ అద్దాలు అదిరితే నవ్వుతారు.
ఆ నవ్వుని చూసే నేను ధర చెప్తాను.

వెర్లీన్ గిటార్ బయటికి తియ్యనే లేదు.
"అన్నీ వెయ్యి, ఎజెల్," అంది.
వేశాను. నాలుగూ.
వాల్వులు ఒక్కొక్కటే నారింజ రంగుకి తిరిగాయి.
కాలిన దుమ్ము వాసన,
చలికాలంలో మొదటిసారి హీటరు వేసిన రోజుది.
కుర్చీ లాక్కుని ఊరికే కూర్చుంది.
హమ్ వింటోంది!
ఆ రొద వదిలించమనే కదా
జనం నాకు డబ్బులిచ్చేది.
ఒక్కోదాని ముందూ చెవి వంచి
పెద్దదాని దగ్గర "ఇది కోపంగా ఉంది" అంది.
రెండోదాని దగ్గర "పాపం, నిద్రపోతోంది."
మూడోదాన్ని ఏమీ అనలేదు, స్విచ్చి కట్టేసింది.

నాలుగోది పదిహేను వాట్ల డబ్బా.
ఒకటే స్పీకరు.
మూసేసిన చర్చి సామాన్లలో దొరికింది.
పైన ఎవరిదో కాఫీ కప్పు వదిలిన గుండ్రటి మరక.

నేను ఉండబట్టలేక చెప్పాను:
"శనివారం రాత్రి డ్రమ్ముల పక్కన
ఇది వినపడదమ్మా. వంద వాట్లది తీసుకో.
సగంలో ఉంచినా హాలు నిండుతుంది."
"హాలు సంగతి ఎవరడిగారు?
ముందు ఇది నిండాలి," అంది.

అప్పుడు తీసింది గిటార్.
వాల్యూమ్ మూడు మీద
కుళాయి నీళ్ళలా తేటగా ఉంది స్వరం.
ఆరు మీదకి తిప్పి, ఇంక దాన్ని ముట్టుకోలేదు.
మెల్లగా మీటితే పలుకు చెక్కుచెదరలేదు.
తీగని నొక్కి వంచితే
గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు జీరబోయింది.
మళ్ళీ మెల్లగా. మళ్ళీ తేట.

నిండు కుండ తొణకదంటారు.
వాల్వు ఆంప్‌కి ఆ మర్యాద లేదు,
నిండితేనే తొణుకుతుంది.
ఆ తొణికినదాన్నే
మా వైపు బ్లూస్ అంటాం.

"రాత్రంతా కోత యంత్రాల మీదుగా అరుస్తాను,
'కత్తి మార్చండి, ఐస్ తెండి' అని.
ఇంటికొచ్చాక కూడా అరిచేదాన్నే కొనుక్కోనా?
నేను గొంతు తగ్గిస్తే
తగ్గిందని తెలుసుకునేది కావాలి నాకు."

తర్వాత హ్యాండిల్ పట్టుకుని డబ్బా లేపి
నా వెనకగది మూడు మెట్లూ ఎక్కింది, దిగింది,
మళ్ళీ ఎక్కింది.
"మా మేడకి పద్నాలుగు," అంది రొప్పుతూ.

నాలుగు వందల ఇరవై చెప్పాను.
మూడు వందల అరవై లెక్కపెట్టింది,
కారులోంచి ఐస్ పెట్టె తెచ్చి
నాలుగు పౌన్ల చేపముక్కలు బల్ల మీద పెట్టింది.
ఒప్పుకున్నాను. ఏం చేస్తాను?

"హమ్ తీసెయ్యనా? రెండు కెపాసిటర్లు మారిస్తే చాలు."
కాసేపు ఆలోచించింది.
"సగం తియ్యి."

సగం ఎలా తియ్యాలో
నాకిప్పటికీ తెలీదు.
ఒకటి మార్చి, ఒకటి వదిలేశాను.

నిన్న ఒక కుర్రాడొచ్చాడు.
వంద వాట్లదాన్ని పది మీద పెట్టాడు.
అద్దాలు అదిరాయి. నవ్వాడు.
ధర చెప్పడానికి మాత్రం
నేను కాస్త ఆలస్యం చేశాను,
వాడు తీగల మీంచి చెయ్యి తీసేదాకా ఆగి
చెవి వంచి విన్నాను.

నిజమే.
కోపంగానే ఉంది.