కాకిబంగారం

నా సంచిలో పదహారు సీసాలు,
ఎర్రమందు, రంగుల పట్టీ,
నల్లగొండ ల్యాబు ముద్ర పడ్డ రిజిస్టరు.
వల్లెపు తిప్పమ్మ కొంగులో
మూడు పిడికిళ్ళ బియ్యం.

మర్రిగూడ దాటాక మట్టిబాట.
గడ్డ మీద ఒడ్డెర వాడ,
ఏడు బావులు, ఎనిమిది బోర్లు.
బోరుబండి వచ్చిన రోజు
అరచేతిలో కొబ్బరికాయను నిలబెట్టి అడిగారట,
తిప్పమ్మను అడగలేదు.

సీసాలు మోయడానికి మనవరాలు రేణుక వచ్చింది.
ఏడో తరగతి.
నవ్వొస్తే పెదవులు బిగిస్తుంది.
ఎందుకో నాకు తెలుసు, అడగను.

"గీ బావిల పదిహేను గజాల కాడ
కాకిబంగారం తగిలింది.
గడ్డపారకు నల్లగ మెరుసుకుంట అంటింది.
మా మామ పైకొచ్చి చేతులు కడుక్కున్నడు.
పసులకు తాపుండ్రి, పోరగాండ్లకు వద్దన్నడు.
ఎందుకంటే ఆయినకు ఎరుక లేదు,
ఆయిన తాతకూ ఎరుక లేదు."

నాకు ఎరుక.
నల్ల అభ్రకంలో ఫ్లోరైడ్ దాక్కుంటుందని
ఎమ్మెస్సీ రెండో ఏడు, నాలుగో పేపర్లో రాసొచ్చాను.
చీకట్లో, తలకిందుల కొట్టే సమ్మెట కింద
దాని మెరుపు మాత్రం
ఒక్కనాడూ చూడలేదు.

ఆమె మూడు రాళ్ళ మీద గిన్నె పెట్టింది.
నేను సీసా మూత తీశాను.
అన్నం కుతకుతమనేదాకా ఇద్దరికీ మాటల్లేవు.
మెతుకు చిదిమి చూపింది, పసుపు.
నా సీసాలో ఎరుపు విరిగింది, గులాబి విరిగింది,
మిగిలింది అదే పసుపు.
"పప్పయితే ఇంకా జల్ది మెదుగుతది.
జల్ది మెదిగే నీళ్ళను నమ్మొద్దు బిడ్డా."
రిజిస్టరులో రాశాను: నాలుగు పాయింట్ రెండు.
ఆమె మాటకు గడి లేదు,
అంచున ఇరికించి రాశాను: అన్నం పసుపు.

బడి దగ్గరి బోరు నా సీసాలో గులాబిగానే ఉంది.
మంచిదే అన్నాను.
"వానలు పడ్డంక వచ్చినవు గద.
రోహిణి కార్తెల రా."
రోహిణిలో వెళ్ళాను.
పసుపు.

ఇక ఆమె ఇంటి బావి.
ఆమె మామ ఆఖరికి తవ్వింది,
వాడంతా వరుసకట్టి తోడుకునేది.
అన్నం మల్లెపూవులా విచ్చుకుంది.
నా సీసా ఒప్పుకోలేదు.
సీసా మార్చాను. మందు మార్చాను. మూడోసారి కూడా
రెండున్నర.

రేణుక నా చేతిలోని సీసాను చూసింది,
తర్వాత నాయనమ్మను.
తిప్పమ్మ గిన్నెలోంచి ఒక్క మెతుకు తీసి
నాలుక మీద పెట్టుకొని
చాలాసేపు మింగలేదు.
"తెల్లగనే ఉన్నది గదనే..."
అన్నది నాతో కాదు.

మూడు దాటితే గానీ బియ్యం పలకదేమో అన్నాను,
సముదాయిస్తున్నట్టు కాకుండా చెప్పాలని చూశాను.
"మెల్లగ పోయే పాముకు సప్పుడుండదు," అన్నది.
కాసేపటికి బడి గోడ పక్కకు చెయ్యి చాపింది.
మా శాఖ పెట్టిన పటికా సున్నం డ్రమ్ము,
విరిగిన నల్లా, లోపల పొదుగుతున్న కోడి.
"మీ డ్రమ్ము సుత తెల్లగనే ఉండె."
నా దగ్గర జవాబు లేదు.

పొద్దు వాలేదాకా ఒరల మీద గుర్తులు పెట్టాం.
ఆమె జాజుతో నిలువుగీతలు గీసింది,
వాళ్ళ పెద్దలు రాతి మీద గీసుకునేవి.
నేను అంకెలు వేశాను.
సొంత బావి కాడ
జాజు ముంచిన వేలు కాస్త ఆగింది,
ఆగి, గీసింది.

పదిహేను సీసాలు నిండాయి.
పదహారోది ఎక్కడ నింపాలన్నాను.
వాగు మలుపు దిక్కు చూపింది.
బావి లేదు, బోరు లేదు, పాత పుట్ట ఒకటి,
చుట్టూ తేలిన సుద్దగడ్డలు.
"ఆడ తవ్వితే నీ సీస ఏమంటదో?"
తవ్వితే గానీ తెలియదన్నాను.
"నా బియ్యం సుత గదే అంటది."

రేణుక అప్పటికే పుట్ట దగ్గరికి ఉరికింది.
ఖాళీ సీసాను సుద్దగడ్డల నడుమ నిలబెట్టి
నా పెన్నుతో చీటీ రాసింది:
నంబరు పదహారు.
తేదీ దగ్గర ఏమీ రాయలేదు.