ఇరవై రెండు సెంటీమీటర్లు

ఉదయం ఏడయినా చీకటే.
స్లెడ్జి మీద బర్మా, కొలబద్ద, ఫ్లాస్కులో కాఫీ.
రేవు మెట్లు దిగి సముద్రం మీదికి నడుస్తాను.
ఇదే నా ఉద్యోగం:
అయిదు వందల మీటర్లకో కన్నం పెట్టి
మంచు ఎంత మందం పేరుకుందో రాసుకోవడం.

ఇరవై రెండు సెంటీమీటర్లుంటే
మా దీవి నుంచి ఆవలి ఒడ్డుకి దారి తెరుస్తారు.
ఇరవై ఒకటుంటే తెరవరు.
అవతల పెళ్ళున్నా, పురుడున్నా.
మంచుకి మొహమాటం లేదు.

నాకుండేది, రైవో.

గాలికి ఓడ ఆగిపోయిందని ఫోన్ చేశావు,
హాప్సలులోనే పడుకుంటానన్నావు.
ఆ రాత్రి పెరట్లో తీగ మీద ఆరేసిన దుప్పటి
అంగుళం కదల్లేదు.
కిటికీలోంచి దాన్నే చూస్తూ
"సరే, జాగ్రత్త" అన్నాను.
గాలి లెక్కలు రాసుకునేదాన్ని,
నాతోనే గాలి గురించి అబద్ధం!
నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైన గింజల్ని
మూడేళ్ళు మూత తియ్యకుండా దాచుకున్నాను.

నవంబరులో తిరిగొచ్చావు,
రెండు అట్టపెట్టెలు, ఒక దగ్గు.
ఇంట్లోకి కాదు, సౌనా గదిలో పడుకోమన్నాను.
పడుకున్నావు.
పొద్దున్నే కట్టెలు కొట్టి పెట్టావు, ఎవరూ అడగకపోయినా.
కట్టెలకేం, ఎవరైనా కొడతారు.

వంటింటి బల్ల మీద
నీ ఫోను వెల్లకిలా పెట్టి వెళ్తున్నావు, చూసుకోమని.
ఒకసారి చూశాను. రెండోసారీ చూశాను.
తర్వాత మానేశాను.
మా ఆఫీసరు లెంబిత్ ఎప్పుడూ అంటాడు,
"మరీ దగ్గర దగ్గరగా కన్నాలు పెట్టకమ్మా హెల్వీ,
కొలిచి కొలిచే విరగ్గొడతావు."

జనవరిలో ఒక సాయంత్రం
బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే
గుమ్మంలో నిలబడి, బూట్లు విప్పకుండానే చెప్పావు:
"ఇవాళ ఆవిడ కనిపించింది. బస్టాపులో.
పలకరించాను. రెండు నిమిషాలు."
కత్తి ఆగింది.
నేనడగలేదు. నువ్వు చెప్పకపోతే
నాకు తెలిసే దారే లేదు.
ఆ రెండు నిమిషాలు దాటడానికి
నాకు తెల్లారింది.

మా అమ్మమ్మ వలలు వేసే మనిషి.
రాత్రుళ్ళు సముద్రం మూలిగి, చిట్లి, ఈల వేస్తే
నేను దుప్పట్లో ముడుచుకునేదాన్ని.
"అరిచే మంచు గట్టిపడుతోందే పిల్లా,
కిమ్మనని చోట కాలు పెట్టకు" అనేది.

ఫిబ్రవరి తొమ్మిదిన దారి తెరిచారు.
మొదటి కారు మనది కాదు, పాలవాడిది.
మనది నాలుగోది.
బోర్డు మీద రాసుంది: బెల్టు పెట్టుకోవద్దు.
మునిగితే బయటపడాలి కదా.
మెల్లగా పోవచ్చు, జోరుగానైనా పోవచ్చు,
నడిమి వేగం మాత్రం కూడదు.
కింద నీళ్ళలో అల లేచి
కారు కన్నా ముందు పరిగెత్తి మంచుని పగలేస్తుంది.

"ఎలా పోనీను?" అన్నావు.
"మెల్లగా."
వెనక ఎవడో హారను కొట్టాడు.
కొట్టుకోనీ.

నా కుడిచెయ్యి తలుపు గడియ మీదే ఉంచాను,
అదీ నిబంధనే.
ఎంతదూరం అలా ఉంచానో,
ఎక్కడ తీశానో గుర్తు లేదు.
ఫ్లాస్కు మూత బిగుసుకుపోయింది,
తిప్పడానికి రెండు చేతులూ కావాల్సొచ్చాయి.

ముందు నీకే పోశాను.
కాస్త ఒలికింది.