తీగ లేని గంట

పది రోజుల్లో నచ్చకపోతే తిరిగి తీసుకుంటామన్నారు.
ఇవాళ తొమ్మిదో రోజు.
అట్టపెట్టె ఇంకా మంచం కిందే ఉంది.

తీగ లాగితే డొంకంతా కదలాలంటారు,
దీనికి తీగే లేదు.
గేటు స్తంభానికి రెండు మరలు,
లోపల నా కుట్టుమిషను పక్కన అరచేయంత తెర.
తోటపాలెంలో మా అద్దిల్లు పాతకాలపుది,
గోడలు మూరెడు మందం.
మధ్యగది దాటేసరికి బొమ్మ ఆగి ఆగి వస్తుంది.
గ్యాసు కుర్రాడు చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోతాడు,
నేను వెళ్లేసరికి వీధి మలుపు తిరిగిపోయుంటాడు.

అందరి ముక్కులూ ముందుకొస్తాయి, చెవులు వెనక్కి పోతాయి.
పాల సూరమ్మ తన బొమ్మ చూపించమని అడిగింది.
"ఓలమ్మో, నానిలాగున్నానేటే!"
మర్నాటి నుంచి మళ్లీ పాత పద్ధతే,
చెంబుతో గేటు మీద రెండు దెబ్బలు.

అసలు ఫిర్యాదు అదే.
ఇన్నాళ్లూ చప్పుడుని బట్టి మనిషి తెలిసేది.
గొళ్లెం గీకితే ఎదురింటి గుంట,
దగ్గు వినిపిస్తే అద్దె అడగడానికొచ్చిన ఇల్లుగలామె,
చీటీ బాకీ రవణమ్మకైతే
గడప ఎక్కేదాకా చప్పుడే ఉండదు.
ఇప్పుడు అందరిదీ ఒకటే పాట,
అదీ పదహారింటిలో నేను ఎంచి పెట్టింది.

కరెంటు పోతే తెర నల్లబడుతుంది.
వాన పడితే లేని మనిషి వచ్చాడని వెలుగుతుంది.
పదికి అయిదు వేద్దామనుకున్నాను.

నిన్న తెల్లవారుజామున మూడుంబావు.
రాయగడ గూడ్సు డ్యూటీ దిగి ఆయన వచ్చాడు.
తెర దానంతటదే వెలిగింది, గంట మోగలేదు.
ఇనప్పెట్టె కింద పెట్టాడు.
కళ్లు మూసుకుని
గేటు కమ్మీకి నుదురు ఆనించాడు.
ఎంతసేపో.
తర్వాత చేతిరుమాలుతో మొహం తుడుచుకుని,
కాలరు సర్దుకుని,
మొదటిది కుదరక
రెండోసారికి ఒక నవ్వు పెట్టుకుని
అప్పుడు నొక్కాడు.

పదకొండేళ్లుగా తలుపు తియ్యగానే ఎదురయ్యే నవ్వు.
రెడీమేడ్ అనుకున్నాను,
బట్టలు కుట్టి బతికేదాన్నయ్యుండీ.
గేటు బయట చీకట్లో నిలబడి
ప్రతిసారీ కొలతకి కుట్టుకొస్తున్నాడని తెలీదు.

"బేగి తియ్యలేదేం?" అన్నాడు.
గోడలు మందం కదా, సరిగా వినపడదన్నాను.
నా నవ్వుకీ కాస్త సమయం పట్టిందని చెప్పలేదు.

అట్టపెట్టె బయటికి తీసి
లైనింగు గుడ్డ ముక్కలు పోశాను.
మార్కులు మాత్రం అయిదే.